మన ఇంటి ద్రవ్యములతో చర్మ సంరక్షణము

భోగి పండుగనాటి వేకువజామున తెలుగు ఇండ్లలో పిల్లలకు తలంటు పోయుట అనాదిగా వచ్చుచున్న ఆచారము. గోరువెచ్చని నువ్వులనూనె మాడున అంటి, ఒంటికి నలుగు పెట్టి, కుంకుడుకాయ రసముతో తల రుద్దుచుండగా కండ్లు మండి ఏడ్వని బిడ్డ అరుదు. ఇంటి పెద్దముత్తైదువకు ఈ పనికి తూకపురాళ్ళతో గాని, కొలపాత్రలతో గాని పని లేదు. పిడికెడు పిండి, చిటికెడు పసుపు, గరిటెడు నూనె అని చేతి కొలతలతోనే ఆమె సర్వమును నడపును. ఈ విద్య తల్లినుండి కూతునకు, అత్తనుండి కోడలికి సంక్రమించుచు వచ్చినది.

ఈ ఇంటి వైద్యములో నేటి శాస్త్రపరీక్షకు నిలుచునది ఎంత? విడిచిపెట్టవలసినది ఎంత? అది తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ప్రకృతిసిద్ధమైనది ఏదియు హాని చేయదని కొందరు నమ్ముదురు. ఈ నమ్మకము సరియైనది కాదు. జిల్లేడు పాలు ప్రకృతిసిద్ధమే. అవి కంటబడినచో చూపునకే ప్రమాదము. పూర్వము బట్టలపై చెరగని గుర్తులు పెట్టుటకు వాడిన నల్లజీడి రసము కూడ ప్రకృతిసిద్ధమే. అది తగిలినచోట ఒడలు బొబ్బలెక్కును. కావున ఒక ద్రవ్యము చెట్టున పుట్టినదా, కార్మాగారమున పుట్టినదా అని గాక, అది చర్మమునకు ఏమి చేయుచున్నదని విచారింపవలెను.

చర్మము పనియేమి?

పెరిగిన మనిషి చర్మమును పరచినచో ఒకటిన్నర మొదలు రెండు చదరపు మీటర్ల వఱకు వచ్చును. దాని పైపొరను ఇటుకల గోడతో పోల్చవచ్చును. చచ్చి గట్టిపడిన కణములు ఇటుకలు. వాని నడుమనుండు క్రొవ్వు పదార్థము అడుసు. ఈ గోడ లోపలి తేమను బయటికి పోనీయదు. బయటి క్రిములను లోపలికి రానీయదు. గోడ పైవరుస నిత్యము పొట్టుగా రాలుచు, అడుగునుండి క్రొత్త వరుస లేచుచుండును. ఇంచుమించు నాలుగు వారములలో పైపొర యంతయు మారిపోవును. అందువలన ఏ లేపనమైనను మూడు దినములలో చర్మమును మార్చివేయునని చెప్పు ప్రకటనలను నమ్మరాదు.

ఆరోగ్యవంతమైన చర్మము పైభాగము కొంచెము పులుపు గుణము, అనగా స్వల్పమైన ఆమ్లగుణము కలిగియుండును. ఈ ఆమ్లగుణము హానికరమైన క్రిములను అణచియుంచును. సామాన్యమైన సబ్బు క్షారము. దానిని మితిమీరి వాడినచో ఆమ్లగుణము తగ్గి, ఇటుకల నడిమి అడుసు కరగి, చర్మము తెల్లగా పొడిబారి, బీటలు వారును. బోరుబావుల కఠినజలములో సబ్బు సరిగా నురుగక, తెట్టుగా చర్మముపై నిలుచుట వలన ఈ బాధ మఱింత హెచ్చును. చంకలు, గజ్జలు, పాదములు మొదలగు చోట్ల మాత్రము సబ్బు వాడి, తక్కిన శరీరమును నీటితో కడుగుకొనుట చలికాలమున ఎల్లరకును మేలు. మిక్కిలి వేడినీళ్ళు పనికిరావు. గోరువెచ్చని నీళ్ళు చాలును.

నలుగు పిండి

సబ్బునకు బదులుగా మన పెద్దలు వాడినది నలుగు పిండి, లేక సున్నిపిండి. పప్పుధాన్యముల పిండి ఒంటి జిడ్డును పీల్చుకొనును గాని సబ్బువలె చర్మములోని క్రొవ్వును పూర్తిగా కడిగివేయదు. ఇదియే దాని సుగుణము. ఇంటిలో తయారు చేసికొనుటకు సులువైన పాళ్ళు ఇవి: పెసలు 500 గ్రాములు, సెనగపప్పు 100 గ్రాములు, బియ్యము 50 గ్రాములు, ఎండిన వట్టివేళ్ళు ఒక గుప్పెడు, పసుపు కొమ్ము ఒకటి. వీనిని బాగుగా ఎండబెట్టి, మెత్తగా విసరించి, సన్నని బట్టతో జల్లించి, పొడి సీసాలో నిలువ చేయవలెను. తడి చేతితో తీసినచో పిండి బూజు పట్టును. ఏ పూటకు కావలసినది ఆ పూటకే నీటితో గాని, పెరుగుతో గాని కలుపుకొనవలెను. మిగిలిన ముద్దను మరునాటికి ఉంచరాదు.

పిండిని చేతితో మృదువుగా రాచి కడుగుకొనుటయే గాని, గరుకుగా తోమరాదు. జల్లించని పిండిలోని నూక చర్మమును గీరును. మొటిమలు, పుండ్లు, గజ్జి, దద్దురు ఉన్నవారు నలుగు పెట్టుకొనరాదు.

నలుగు పిండిలో కలుపు వనమూలికలలో బావంచాల విషయమున విశేష జాగ్రత్త అవసరము. బావంచ గింజలలో సొరాలెన్ అను పదార్థము కలదు. అది చర్మముపై నుండగా ఎండ సోకినచో ఆ చోటు కాలినట్లు కమిలి, బొబ్బలెక్కి, పిదప నెలల తరబడి నల్లని మచ్చగా మిగులును. ఈ గుణమును వైద్యులు బొల్లి చికిత్సలో ఉపయోగింతురు. సొరాలెన్ మందు ఇచ్చి, కొలత ప్రకారము అతినీలలోహిత కిరణములను సోకింతురు. వైద్యుని చేతిలో మందైన వస్తువు పెరటిలో ఎండ నడుమ వాతగా మారును. కావున బావంచాలు కలిపిన పిండిని పూసికొని ఎండలో నిలువరాదు. పిల్లలకు అసలే వాడరాదు.

కుంకుడు, సీకాయలలో సహజముగా నురుగునిచ్చు సాపొనిన్లు కలవు. అవి తల జిడ్డును వదల్చును. కంటిలో పడినచో మంట తీవ్రము. తల వెనుకకు వాల్చి పోసినచో బిడ్డకు ఆ ఏడుపు తప్పును.

నూనెలు

చర్మమునకు నూనె చేయు మేలు రెండు విధములు. అది పగుళ్ళను పూడ్చి తేమను నిలుపును. గోడలోని అడుసునకు కావలసిన క్రొవ్వును కొంత సమకూర్చును. నూనె తానుగా తేమ కాదు. అందుచేత పొడి ఒంటికి రాచుటకంటె, స్నానము చేసి ఒడలు అద్దుకొన్న వెంటనే, ఇంకను కొంచెము తడి యుండగా పలుచగా రాచుట మేలు. స్నానమునకు ముందు అభ్యంగనము చేయు ఆచారము కూడ మంచిదే. నీరు, సబ్బు చర్మమును ఎండగట్టకుండ ఆ నూనె అడ్డుపడును.

కొబ్బరినూనెలో సుమారు సగపాలు లారిక్ ఆమ్లము. అది కొన్ని క్రిముల పెరుగుదలను అణచును. పొడి చర్మము గలవారికి ఈ నూనె ఉపకరించును. మొటిమలు వచ్చు యువతీయువకులు మాత్రము దీనిని ముఖమునకు రాచుకొనరాదు. రంధ్రములు పూడి మొటిమలు హెచ్చును. చుండ్రు గలవారు నూనెను రాత్రియంతయు తలపై నుంచరాదు. చుండ్రునకు సంబంధించిన సూక్ష్మజీవి నూనెనే తిని బ్రతుకును.

నూనెలన్నియు సమానము కావు. నెలలు నిండక ముందే పుట్టిన బిడ్డల చర్మము కాగితమువలె పలుచన. ఢాకాలోని శిశు ఆసుపత్రిలో అట్టి బిడ్డలకు సూర్యకాంత గింజల నూనెను వైద్యుల పర్యవేక్షణలో మృదువుగా రాచి పరీక్షించిరి. 2005లో ప్రకటింపబడిన ఫలితముల ప్రకారము, నూనె రాయని బిడ్డలతో పోల్చగా ఈ బిడ్డలకు ఆసుపత్రిలో సోకు రోగములు 41 శాతము తగ్గినవి. ఉత్తర భారతమున, నేపాళమున, వంగదేశమున పసిబిడ్డలకు విరివిగా రాచు ఆవనూనె మాత్రము ఇట్టిది కాదు. అది చర్మపు గోడ కోలుకొనుటను ఆలస్యము చేయునని పరిశోధనలలో తేలినది. ఆవాల ఘాటు నాలుకకు రుచియే కాని లేత చర్మమునకు కాదు.

పసుపు

పసుపు మన స్త్రీల సౌభాగ్య చిహ్నము. పసుపు పచ్చదనమునకు కారణమైన కుర్కుమిన్ నీటిలో కరగదు, నూనెలో కరగును. అందువలననే నీళ్ళతో పూసిన పసుపు కడిగినంత మాత్రమున పోదు. వాపును, కొన్ని క్రిములను అణచు గుణము కుర్కుమిన్‌కు కలదని ప్రయోగశాలలలో కనుగొనిరి. అయితే ప్రయోగశాలలోని గాజుపాత్ర వేరు, మానవ శరీరము వేరు. అరుదుగా పసుపే కొందరికి పడక దురదను, దద్దురును కలిగించును.

పసుపును గూర్చి ఒక వివాదము పాఠకులకు జ్ఞాపకము ఉండవచ్చును. గాయములను మాన్పుటకు పసుపును వాడుట క్రొత్తగా కనుగొన్న విషయమని చెప్పి, 1995లో అమెరికాలో ఒక పేటెంటు పొందిరి. భారత శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి పూర్వగ్రంథములను సాక్ష్యముగా చూపి వాదించగా, 1997లో ఆ పేటెంటు రద్దయ్యెను. ఈ విజయము మనకు గర్వకారణము. అయినను దాని అర్థమును సరిగా గ్రహింపవలెను. ఈ జ్ఞానము ప్రాచీనమని అక్కడ రుజువైనది. ప్రతి గాయమునకును పసుపే మందని కాదు. లోతైన గాయమునకు, మట్టి సోకిన గాయమునకు శుభ్రమైన నీటితో కడుగుట, ధనుర్వాతపు టీకా, వైద్యుని సలహా తప్పనిసరి.

పసుపు విషయమున అసలు ప్రమాదము కల్తీ. కొమ్ములకు నిగనిగలాడు పచ్చదనము తెచ్చుటకు సీసపు క్రోమేటు అను రంగును పూయు దురాచారము బంగ్లాదేశమున ఉన్నట్లు పరిశోధకులు కనుగొని 2019లో ప్రకటించిరి. సీసము పిల్లల మెదడును శాశ్వతముగా దెబ్బతీయును. పసుపు చేతికి, ముఖమునకు పూసినను, పిల్లలు ఆ చేతిని నోట పెట్టుకొందురు గదా! ఆ దేశ ప్రభుత్వము వ్యాపారులను హెచ్చరించి, తనిఖీలు జరిపి, జరిమానాలు విధించెను. 2019లో పరీక్షించిన పసుపు నమూనాలలో 47 శాతమున సీసము కనబడగా, 2021 నాటికి అట్టి నమూనా ఒక్కటియు లేకపోయెను. పట్టుదలతో పూనుకొన్నచో కల్తీని రెండేండ్లలో రూపుమాపవచ్చునని ఈ అనుభవము చాటుచున్నది.

గృహిణులు ఇంట చేసికొనదగిన సులభమైన పరీక్ష ఒకటి కలదు. ఒక గాజు గ్లాసెడు నీటిలో చెంచాడు పసుపు వేసి కదలించక విడువవలెను. మంచి పసుపు లేతరంగును మాత్రమే విడుచుచు అడుగునకు దిగును. రంగు కలిపిన పసుపు దిగుచు నీటిని ముదురు పచ్చగా మార్చును. విడి పొడిని కొనుటకంటె, మితిమీరిన మెఱుగు లేని కొమ్ములను కొని, ఇంటనో మరయందో ఆడించుకొనుట శ్రేయస్కరము.

కుంకుమయు, బొట్టును

పసుపునకు సున్నము వంటి క్షారము తగిలినచో ఎఱుపెక్కునని హారతిపళ్ళెము ఎత్తు ప్రతి ముత్తైదువకును తెలియును. పూర్వపు కుంకుమ ఈ విధముగా తయారైనదే. నేడు అంగళ్ళలో దొరకు కుంకుమలో కృత్రిమపు రంగులు చేరుట కద్దు. నొసట దురద, నల్లని మచ్చ కనబడినచో ఆ కుంకుమను వెంటనే మానవలెను. అంటించుకొను బొట్టుబిళ్ళల జిగురులోని కొన్ని రసాయనములు రంగునిచ్చు కణములనే చంపును. అప్పుడు బొట్టు పెట్టుచోట తెల్లని మచ్చ ఏర్పడును. దానిని కప్పిపుచ్చుటకు మఱింత పెద్ద బిళ్ళ పెట్టుకొనుట కీడును పెంచుటయే. బిళ్ళను మాని వైద్యునికి చూపవలెను.

పూయకూడనివి

నిమ్మరసము: ఇది చర్మము సహింపగల పులుపుకంటె అనేక రెట్లు తీక్ష్ణము. పైగా నిమ్మజాతి పండ్ల తొక్కలలో బావంచాలలోని వంటి పదార్థములు కలవు. నిమ్మచెక్కతో ముఖము రుద్దుకొని ఎండలోనికి వెళ్ళినవారికి బొబ్బలు, నల్లని చారలు వచ్చుట వైద్యులు ఎఱిగిన విషయమే.

తినుసోడా: ఇది క్షారము. చర్మపు ఆమ్లగుణమును చెఱచును.

కలబంద: లోపలి తెల్లని గుజ్జు చల్లదనము నిచ్చును. మట్ట తొక్కక్రింద కారు పసుపుపచ్చని జిగురు మాత్రము దురదను కలిగించును. మట్టను కోసి కొంతసేపు నిలువుగా నుంచి, ఆ జిగురు కారిపోయిన పిదప కడిగి, గుజ్జును మాత్రమే తీసికొనవలెను.

ముల్తానీ మట్టి: ఇది జిడ్డును పీల్చును. జిడ్డు చర్మమునకు అప్పుడప్పుడు వాడవచ్చును. పొడి చర్మమునకు తగదు.

కాలిన గాయములకు పసుపు, పిండి, సిరా, పండ్లపొడి, పేడ ఏదియు పూయరాదు. కాలిన చోటును 20 నిమిషములు చల్లని పారు నీటిక్రింద నుంచి, శుభ్రమైన పొడిబట్ట కప్పి, ఆసుపత్రికి చేరవలెను. మంచుగడ్డలు పెట్టరాదు.

క్రొత్త ద్రవ్యము ఏదైనను ముందుగా ముంజేతి లోపలివైపున కొంచెము రాచి, రెండు దినములు వేచి, ఎఱుపు గాని దురద గాని రానిచో పిదప ముఖమునకు వాడవలెను.

పసిబిడ్డల విషయము

అప్పుడే పుట్టిన బిడ్డ ఒంటినంటియుండు తెల్లని వెన్నవంటి పూత మలినము కాదు. అది ప్రకృతి పూసిన లేపనము. దానిని తోమి తీయరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పుట్టిన 24 గంటల వఱకు బిడ్డకు స్నానము చేయించవద్దని చెప్పుచున్నది. బిడ్డ ఒంటి నూగు రాలుటకు పిండితో గట్టిగా రుద్దు అలవాటు మానవలెను. ఆ నూగు కొలది వారములలో తనంతట తానే రాలును.

బొడ్డుపై పసుపు, బూడిద, పేడ ఎన్నడును పెట్టరాదు. పేడలోను, మట్టిలోను ధనుర్వాత క్రిముల బీజములుండును. ఈ వ్యాధి పూర్వము అసంఖ్యాకులైన పురిటి బిడ్డలను బలిగొన్నది. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పుల వలన తల్లులలోను, నవజాత శిశువులలోను ధనుర్వాతమును నిర్మూలించిన దేశముగా భారతదేశము 2015లో గుర్తింపు పొందినది. ఆ విజయము నిలుచుట తల్లుల చేతులలోనే కలదు. బొడ్డును పొడిగా, శుభ్రముగా నుంచుటయే దానికి మందు.

మేనిచాయను గూర్చి

నల్లని చాయ రోగము కాదు. తెల్లవారిలోను, నల్లవారిలోను రంగునిచ్చు కణముల సంఖ్య ఇంచుమించు ఒక్కటే. అవి తయారు చేయు మెలనిన్ పాళ్ళలోనే భేదము. ఆ మెలనిన్ ఎండనుండి కాపాడు గొడుగు. ఏ పిండియు, ఏ పసరును పుట్టుచాయను మార్చజాలదు.

ఈ సత్యమును ఎఱుగక పెండ్లి సంబంధముల వేళ ఆడపిల్లలకు పేరులేని లేపనములు పూయు తలిదండ్రులు నేటికిని కలరు. కొన్నిట పాదరసము కలియును. అది చర్మముగుండ లోపలికి చేరి మూత్రపిండములను చెఱచును. 2013లో ఆమోదింపబడిన మినమాటా అంతర్జాతీయ ఒడంబడిక, అట్టి లేపనముల తయారీని 2020 నాటికి ఆపవలెనని గడువు విధించినది. మఱికొన్నిట స్టిరాయిడు మందులు కలియును. మొదట చాయ తేలినట్లు కనబడును. పిదప చర్మము పలుచనై, రక్తనాళములు బయటపడి, మొటిమలు లేచి, లేపనము మానినంతనే ముఖము మండును. వైద్యుని చీటీ లేక ఇట్టి స్టిరాయిడు లేపనములను అమ్మరాదని భారత ప్రభుత్వము 2018లో నియమము చేసినది. తామరకు ఇవి పూసినచో దురద తాత్కాలికముగా అణగి, తామర లోలోపల వ్యాపించును.

లోపలినుండి పోషణము

చర్మమునకు ఉత్తమమైన లేపనము కంచములోనే యున్నది. దక్కను పీఠభూమిలో జొన్నయే ప్రధానాహారముగా గల బీదవారిలో మెడచుట్టును, చేతులపైనను ఎండ సోకుచోట చర్మము నల్లబడి పొలుసులు లేచు పెల్లాగ్రా వ్యాధి ఒకప్పుడు తఱచు కనబడుచుండెను. 1918లో కూనూరులో ఆరంభమై 1958లో హైదరాబాదునకు తరలిన పోషకాహార పరిశోధన సంస్థలో సి. గోపాలన్‌గారును, ఆయన సహచరులును ఈ వ్యాధిని పరిశోధించిరి. జొన్నలో లూసిన్ అధికముగా నుండుటకును, ఈ వ్యాధికిని సంబంధము కలదని 1960లో ప్రతిపాదించిరి. నయాసిన్ అను విటమిను ఇచ్చినచో ఈ చర్మము కోలుకొనును. ఏ నలుగును, ఏ నూనెయు దీనిని మాన్పలేవు. పప్పు, వేరుసెనగలు, పాలు, గ్రుడ్లు, ఆకుకూరలు కలసిన మిశ్రమాహారమే చర్మమునకు రక్షణ.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

ఏ ఊరిలోనైన జరుగదగిన ఒక సంగతిని ఊహింపుడు. ఒక ఇల్లాలి ముంజేతిపై రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ కనబడినది. నొప్పి లేదు, దురద లేదు. పొరుగింటి పెద్దమ్మ వేపాకు, పసుపు నూరి పూయుమన్నది. ఆరు నెలలు పూసినది. మచ్చ పోలేదు, పెరిగినది. ఒకనాడు పొయ్యిమీది గిన్నె తగిలి ఆ చోట చర్మము కాలినది. కాలినట్లు ఆమెకు తెలియనే లేదు. కమురు వాసన వచ్చిన పిదప చూచికొన్నది.

ఆ మచ్చ కుష్ఠువ్యాధి చిహ్నము. స్పర్శ లేని పాలిపోయిన మచ్చను గాని, ఎఱ్ఱని మచ్చను గాని ఒక్క దినమైనను ఉపేక్షింపరాదు. 1955 నుండి దేశమున దీనికై జాతీయ కార్యక్రమము నడచుచున్నది. 1983 నుండి వచ్చిన బహుళౌషధ చికిత్స వలన ఈ వ్యాధి 6 మొదలు 12 నెలలలో పూర్తిగా నయమగుచున్నది. మందులు ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితము. చికిత్స ఆరంభించిన కొలది కాలములోనే వ్యాధి ఇతరులకు సోకుట ఆగిపోవును. ఆలస్యమైనచో నరములు చెడి వ్రేళ్ళు వంగును. వంగిన పిదప మందులు క్రిమిని చంపగలవు గాని వ్రేళ్ళను నిలుపలేవు. వేపాకు ఆమెకు హాని చేయలేదు. వేపాకును నమ్మి పోగొట్టుకొన్న ఆ ఆరు నెలలు హాని చేసినవి.

రాత్రివేళ ఇంటిల్లిపాదికిని దురద పుట్టినచో అది గజ్జి కావచ్చును. అందఱును ఒకేసారి చికిత్స పొందవలెను. మానని పుండు, రూపు గాని రంగు గాని మారుచున్న పుట్టుమచ్చ, జ్వరముతో కూడిన దద్దురు, చీము పట్టిన పొక్కులు ఉన్నచో గృహవైద్యము మాని వైద్యుని చూడవలెను.

జ్ఞాపకముంచుకొనదగినవి

1. గోరువెచ్చని నీరు, మితమైన సబ్బు, మృదువైన చేయి.
2. నలుగు పిండిని మెత్తగా జల్లింపుడు; బావంచాలు కలిపినచో ఎండకు దూరముగా నుండుడు.
3. తడి ఆరకముందే నూనె రాయుడు; పసిబిడ్డలకు ఆవనూనె వలదు.
4. పసుపును కొమ్ములుగా కొనుడు.
5. కాలిన గాయమునకు చల్లని నీరు. బిడ్డ బొడ్డునకు ఏ పూతయు వలదు.
6. స్పర్శ లేని మచ్చ కనబడిన నాడే ఆరోగ్యకేంద్రమునకు పొండు.

పెద్దలు నేర్పిన నలుగును, అభ్యంగనమును నిలుపుకొందము. వాని హద్దులను గూడ ఎఱిగి, హద్దు దాటిన చోట వైద్యుని ఆశ్రయింతము.